రొయ్య నరం ఏ వైపు ఉంటుంది?

ఆదివారం పొద్దున గుంటూరు మార్కెట్లో రొయ్యలు కొంటే ఇంటికొచ్చాక నాకో డ్యూటీ పడుతుంది. పొట్టు వలిచి, వీపు మీద గాటు పెట్టి, లోపలి నల్లటి దారాన్ని లాగెయ్యాలి. "ఏరా, నరం తీశావా? తియ్యకపోతే ఇసక ఇసకగా తగులుతుంది" అని అమ్మ వంటింట్లోంచి కేకేస్తుంది. మా ఇంట్లోనే కాదు, చాలా ఇళ్లలో దాన్ని నరం అనే అంటారు. నిజానికి అది పేగు. నల్లగా కనిపించేది రొయ్య తిన్న మేత, బురద. అసలు నరం అటువైపు, పొట్ట కింద ఉంటుంది. సన్నగా, తెల్లగా, మధ్యమధ్య చిన్న ముడులతో. దాన్ని ఎవరూ తియ్యరు, ఇగురులో కలిపి తినేస్తాం.

ఒకసారి పెద్ద టైగర్ రొయ్యను పొట్టవైపు నుంచి కోసి ఆ తెల్లదారాన్ని అమ్మకు చూపించాను. కళ్లజోడు సవరించుకుని చూసి, "అయితే ఇకనుంచి ఇదీ తియ్యాలా?" అంది. అక్కర్లేదనగానే ఆవిడకు దాని మీద ఆసక్తి పోయింది. నాకు పోలేదు.

మనకు వెన్నుపాము వీపువైపు, పేగులు పొట్టవైపు. రొయ్యకు దీనికి సరిగ్గా తలకిందులు. 1822లో ఫ్రాన్సులో జోఫ్రువా సాంటిలేర్ అనే జంతు శాస్త్రవేత్త, రొయ్యకు పెద్దన్నలాంటి లాబ్‌స్టర్ విషయంలో ఇదే గమనించాడు. దాన్ని వెల్లకిలా తిప్పితే నరం పైకి, దాని కింద పేగు, ఆ కింద గుండె వచ్చాయి. అచ్చం వెన్నెముక ఉన్న జీవుల వరసే. అంటే అన్ని జంతువులదీ ఒకే నమూనా, కాకపోతే ఒకటి బోర్లా, ఇంకొకటి వెల్లకిలా అన్నాడు. అప్పట్లో పేరుమోసిన ఇంకో ఫ్రెంచి జంతు శాస్త్రవేత్త కువియేకి ఈ ధోరణి అస్సలు నచ్చలేదు. 1830లో పారిస్ సైన్స్ అకాడమీలో ఇద్దరూ బహిరంగంగా వాదులాడుకున్నారు. గెలుపు కువియేదే అనుకున్నారు జనం.

ఆ ఊహ మళ్లీ లేచింది సముద్రపు పురుగుల వల్ల. నీరిస్ లాంటి పాలీకీట్ పురుగులు మన తీరంలోని రొయ్య హేచరీల వాళ్లకు బాగా పరిచయం. తల్లి రొయ్యలకు అవి బలమైన మేత. ఇంటర్ బైపీసీలో వానపాము నాడీ వ్యవస్థ బొమ్మ వేసినవాళ్లు నీరిస్‌ది చూసినా వెంటనే పోల్చుకుంటారు, రెండూ అనెలిడా, అంటే ఒళ్లు ఖండాలుగా ఉండే పురుగుల వర్గానివే కదా. మెదడు తలలో, గొంతుకు పైన ఉంటుంది. దాని నుంచి రెండు పాయలు గొంతుకు చెరోపక్కగా దిగి, కింద కలుస్తాయి. అక్కణ్ణుంచి తోక దాకా పొట్టవైపున జంట నాడీ దండం, ఒక్కో ఖండానికి ఒక్కో జత నాడీ సంధులు (ముడులు), వాటి మధ్య అడ్డపట్టీలు. మొత్తం చూస్తే తాళ్ల నిచ్చెన. తిన్న ప్రతి ముద్దా నాడుల ఉంగరంలోంచే లోపలికి పోవాలి. విచిత్రమైన కట్టడమే గానీ, దానికి బాగానే నడుస్తోంది.

నేపుల్స్‌లో సముద్ర జీవుల పరిశోధన కేంద్రం పెట్టిన ఆంటన్ డోర్న్, 1875లో ఇంకో అడుగు ముందుకేశాడు. ఇలాంటి పురుగు ఒకటి తిరగబడితే దాని సంతతే మనం అన్నాడు. ఇక్కడో చిక్కుంది. పురుగును అలాగే తిప్పేస్తే నోరు పైకి వస్తుంది, గొంతు మెదడును చీల్చుకుంటూ పోవాలి. అందుకని పాత నోరు మూసుకుపోయి కిందివైపు కొత్త నోరు తెరుచుకుందని చెప్పుకోవాల్సి వచ్చింది. ఒక ఊహను నిలబెట్టడానికి ఇంకో ఊహ. వందేళ్లపాటు దీన్ని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదంటే ఆశ్చర్యం లేదు.

1990ల్లో జన్యువుల లెక్క తేలేసరికి కథ మారింది. పిండంలో బీఎంపీ అనే ప్రోటీన్ పనిచేసే వైపు చర్మం తయారవుతుంది, దాన్ని అడ్డుకునే వైపు నరాలు తయారవుతాయి. పండ్ల ఈగలో ఆ అడ్డు పొట్టవైపు, కప్పలో వీపువైపు. ఈగలో అడ్డుపడే జన్యువు సందేశాన్ని కప్ప పిండంలోకి ఎక్కిస్తే అక్కడా అదే పని చేసింది. పాపం జోఫ్రువా, 170 ఏళ్లు ముందు పుట్టాడు.

2007లో జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో డెట్లెవ్ ఆరెంట్ బృందం ప్లాటినీరిస్ అనే పాలీకీట్ పురుగు మీద చేసిన పని దీనికి ఇంకా బలమిచ్చింది. కొన్ని సెంటీమీటర్ల పురుగు అది. పున్నమి, అమావాస్యలను బట్టి గుడ్లు పెడుతుంది, ల్యాబుల్లో తేలిగ్గా పెరుగుతుంది. దాని నాడీ దండం ఏర్పడేటప్పుడు నడిమి గీత నుంచి పక్కలకు ఏ జన్యువు తర్వాత ఏది పనిచేస్తుందో చూస్తే, మన వెన్నుపాములో ఉండే వరసకు దాదాపు సరిపోయింది. ఆ వరసలో ఏ చోట ఏ రకం నాడీ కణం పుడుతుందన్నదీ కలిసింది. ఇంత పోలిక కాకతాళీయం కాదు, 54 కోట్ల ఏళ్లకన్నా ముందటి ఉమ్మడి పూర్వజీవికే ఇలాంటి నాడీ దండం ఉండేదన్నారు. అది చదివినప్పుడు నేనూ ఒప్పేసుకున్నాను. ఒప్పుకోవాలనిపించేంత అందమైన కథ.

కానీ మిగతా పురుగులను అడగలేదు కదా! బలనోగ్లాసస్ గుర్తుందా, పాఠంలో హెమికార్డేటా అని చదివి మర్చిపోయేది? ఇసకలో బొరియ చేసుకుని బతికే ఈ మెత్తటి పురుగు, చుట్టరికంలో ప్లాటినీరిస్ కన్నా మనకే దగ్గర. దానికి మనలాంటి మొప్ప చీలికలు ఉన్నాయని 1866లోనే కొవలెవ్‌స్కీ గుర్తించాడు. అంత దగ్గరి చుట్టానికి వెన్నుపాము ఉండాలి కదా? లేదు. వీపున ఒక నాడీ దండం, పొట్టన ఇంకొకటి, ఇవి కాక ఒంటి చర్మమంతా పరుచుకున్న నాడుల వల. దాని బంధువైన సాకోగ్లాసస్ పిండంలో బీఎంపీ నరాలను అడ్డుకోనే అడ్డుకోదని 2006లో తేలింది. తల నుంచి తోక దాకా జన్యువుల వరస మాత్రం మనకు చాలా దగ్గరగా ఉంది.

అనెలిడా లోపల కూడా నిచ్చెన అందరికీ లేదు. ఓవేనియా అనే పాలీకీట్, ఆ వర్గపు వంశవృక్షంలో మొదట్లోనే చీలిన కొమ్మ మీదిది. దాని నాడీ దండం చర్మంలోనే ఉంటుంది, ముడులు లేవు. నిచ్చెన తర్వాత వచ్చిన కట్టడమన్నమాట, అదీ ఒకసారి కాక పలుసార్లు వచ్చిందని 2018లో వచ్చిన ఒక పరిశీలన. ఎచ్యూరా పురుగులది ఇంకో తమాషా. ఒంట్లో ఖండాలు లేవని వాటిని వేరే వర్గంగా చదివించారు మాకు. లార్వాలను సూక్ష్మదర్శిని కింద పెట్టి నాడులకు రంగు పట్టిస్తే ఖండాల జాడ వరసగా కనబడింది. డీఎన్‌ఏ కూడా అవి అనెలిడాలేనంది.

అదే 2018లో నార్వేలోని బెర్గెన్ నుంచి ఆండ్రియాస్ హెయ్‌నోల్ బృందం, రకరకాల వర్గాల చిన్నాచితకా జీవులను తీసుకుని 2007 నాటి జన్యువుల వరస వాటిలోనూ ఉందా అని చూసింది. చాలావాటిలో లేదు. ఓవేనియాలోనూ సరిగా కలవలేదు. అందుకని నాడీ దండాలు వేర్వేరు వంశాల్లో వేర్వేరుగా పుట్టాయని వాళ్ల వాదన. ఇప్పుడు నేను మొగ్గేది ఇటే. తాపీ, తూకంగుండు ఒకలాంటివే అయినంత మాత్రాన ఊళ్లో ఇళ్లన్నీ ఒకే మేస్త్రీ కట్టినట్టు కాదు కదా. అయితే ప్లాటినీరిస్‌లో ఆ వరస అంత చక్కగా ఎందుకు సరిపోయిందన్నది ఆరెంట్ పక్షం వాళ్లు అడుగుతూనే ఉన్నారు. అడగదగ్గ ప్రశ్నే.

ఈ తగువులో అసలు సాక్షి స్వీడన్ తీరంలో దొరికిన జీనోటర్బెల్లా అనే సముద్రపు పురుగు. 1949లో దీన్ని వర్ణించారు. మెదడు లేదు, నాడీ దండం లేదు, మలద్వారం కూడా లేదు. చర్మం అడుగున నాడుల వల, అంతే. 1997లో డీఎన్‌ఏ పరీక్ష చేసి ఇది ఆల్చిప్పల చుట్టమన్నారు. 2003లో తెలిసిందేమిటంటే, ఆ డీఎన్‌ఏ పురుగుది కాదు, అది తిన్న తిండిది! గోంగూర పచ్చడి తిన్నవాడి నోట్లోంచి నమూనా తీసి, ఇతనిది గోంగూర వంశం అన్నట్టు.

ఆ గందరగోళం తీరినా చోటు ఇంకా ఖాయం కాలేదు. 2016లో వచ్చిన విశ్లేషణ ప్రకారం అది, దాని బంధువులు కలిసి ఈగ, నీరిస్, మనిషి అందరికన్నా ముందే విడిపోయిన కొమ్మ. అదే నిజమైతే ఆ వల చాలా పాతది, మెదడు లేకపోవడం మొదటి నుంచీ ఉన్న సంగతి కావచ్చు. 2019లో ఇంకో బృందం లెక్క మార్చి చేసి, దాన్ని బలనోగ్లాసస్, సముద్ర నక్షత్రాల పక్కన కూర్చోబెట్టింది. అప్పుడు దాని పూర్వీకులకు ఉన్నవేవో పోయి, ఇంత సాదాగా మిగిలిందని చెప్పాలి.