పాజిటివ్ గ్రూపు తల్లికి యాంటీబాడీ పరీక్ష ఎందుకు?

గర్భిణి బ్లడ్ గ్రూపు పాజిటివ్ అని తేలగానే ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకుంటారు. టెన్షన్ అంతా నెగెటివ్ గ్రూపు వాళ్లకే అనుకుంటారు. తల్లి నెగెటివ్, బిడ్డ పాజిటివ్ అయితే వచ్చే ప్రమాదం ఒకప్పుడు ఎందరో పసిపిల్లల్ని బలిగొంది. 1968లో వాడకంలోకి వచ్చిన యాంటీ-డి ఇంజెక్షన్ ఆ ప్రమాదాన్ని చాలావరకు తగ్గించింది. వైద్యశాస్త్రం సాధించిన గొప్ప విజయాల్లో ఇదొకటని నేను గట్టిగా నమ్ముతాను. అయితే ఆ ఇంజెక్షన్ కాపాడేది గ్రూపును పాజిటివ్ చేసే 'డి' అనే ఒక్క యాంటిజెన్ (ఎర్రకణాల మీద గుర్తులా ఉండే పదార్థం) విషయంలోనే. ఎర్రకణాల మీద ఇప్పటిదాకా గుర్తించిన యాంటిజెన్లు 350కి పైనే. చిన్న సి, పెద్ద ఈ, కెల్, డఫీ, కిడ్... వీటిలో దేనికైనా తల్లి ఒంట్లో యాంటీబాడీ, అంటే దాన్ని పరాయిదిగా భావించి ఎదుర్కొనే రక్షక పదార్థం, తయారు కావచ్చు. ఆమె గ్రూపు పాజిటివ్ అయినా సరే.

తనలో లేని యాంటిజెన్ ఉన్న రక్తకణాలు ఒంట్లోకి చేరితే యాంటీబాడీలు పుడతాయి. ఆ కణాలు వెనకటి కాన్పులో బిడ్డ నుంచి వచ్చి ఉండొచ్చు, ఎప్పుడో ఎక్కించిన రక్తం నుంచీ వచ్చి ఉండొచ్చు. బిడ్డను అంటువ్యాధుల నుంచి కాపాడటానికి ఐజీజీ రకం యాంటీబాడీలను మావి తల్లి నుంచి బిడ్డకు చేరవేస్తుంది. ఇవీ ఆ దారినే వెళ్లి బిడ్డ ఎర్రకణాలకు అతుక్కుంటాయి. ఆ కణాలు ప్లీహంలో నాశనమవుతాయి. అప్పుడు పుట్టే బిలిరుబిన్ అనే పసుపు పదార్థాన్ని, బిడ్డ కడుపులో ఉన్నన్నాళ్లూ తల్లి కాలేయమే వదిలించేస్తుంది. పుట్టాక ఆ పని బిడ్డ చేతకాని కాలేయం మీద పడుతుంది. అందుకే పుట్టిన 24 గంటల్లోపు కామెర్లు కనిపిస్తే అది మామూలే అని వదిలేయకూడదు. బిలిరుబిన్ మరీ పెరిగితే మెదడు దెబ్బతింటుంది.

కెల్ యాంటీబాడీ తీరు వేరు. కెల్ యాంటిజెన్ మజ్జలో ఇంకా ఎదగని ఎర్రకణాల మీద కూడా ఉంటుంది. దాంతో ఈ యాంటీబాడీ తయారైన కణాలను చంపడంతో ఆగకుండా కొత్తవి పుట్టడాన్నే అణిచేస్తుంది. విరిగే కణాలు తక్కువ కాబట్టి బిలిరుబిన్ పెద్దగా పెరగదు, రక్తహీనత మాత్రం తీవ్రంగా ఉంటుంది. ఉమ్మనీటిలో బిలిరుబిన్ కొలిచి ప్రమాదాన్ని అంచనా వేసే పాత పద్ధతి ఇక్కడే మోసపోయేది. టైటర్ (తల్లి రక్తంలో యాంటీబాడీ మోతాదు) తక్కువగా ఉన్నా బిడ్డకు ముప్పు ఉండొచ్చు. ఇప్పుడు డాప్లర్ స్కానింగ్‌లో బిడ్డ మెదడులోని ఒక ధమనిలో రక్తవేగం చూస్తున్నారు. రక్తం పలచబడేకొద్దీ వేగం పెరుగుతుంది. ఆ వయసు బిడ్డలకు ఉండాల్సిన మధ్యస్థ విలువకు ఒకటిన్నర రెట్లు దాటితే రక్తహీనతను అనుమానించి, అవసరమైతే బొడ్డుతాడు సిరలోకి సూదితో రక్తం ఎక్కిస్తారు. కెల్ యాంటీబాడీకి చాలాసార్లు మూలం పాత రక్తమార్పిడే. అందుకే బ్రిటన్, నెదర్లాండ్స్ లాంటి దేశాల్లో ఆడపిల్లలకు, పిల్లలు కనే వయసు స్త్రీలకు కెల్ లేని రక్తమే ఎక్కిస్తారు.

ఇక అరుదైన యాంటీబాడీల సంగతి. ల్యాబ్‌లో చేసే స్క్రీనింగ్‌ను దగ్గర నుంచి చూస్తే చిక్కు ఎక్కడుందో అర్థమవుతుంది. తల్లి ప్లాస్మాను (రక్తంలోని ద్రవభాగాన్ని) రెండు మూడు రకాల ఓ గ్రూపు కణాలతో కలిపి 37 డిగ్రీల దగ్గర ఉంచుతారు. కణాలను కడిగి, వాటికి అంటుకున్న యాంటీబాడీలను పట్టి గుంపు కట్టించే కూంబ్స్ సీరం వేస్తారు. కణాలు గుంపు కడితే యాంటీబాడీ ఉన్నట్టు. ఈ పరీక్ష 1945 నుంచి ఉంది. అయితే ఆ కణాల మీద లేని యాంటిజెన్‌కు యాంటీబాడీ ఉంటే పరీక్షకు అందదు. రిపోర్టు నెగెటివ్ అనే వస్తుంది. తీరా పుట్టాక బిడ్డ పచ్చబడతాడు, బిడ్డ కణాలకు నేరుగా చేసిన కూంబ్స్ పరీక్ష పాజిటివ్ వస్తుంది, తల్లీబిడ్డల మధ్య ఏబీఓ (ఎ, బి, ఓ గ్రూపుల) తేడా కూడా ఉండదు. అప్పుడు చూడాల్సింది తండ్రి రక్తం. బిడ్డకు ఆ యాంటిజెన్ తండ్రి నుంచే వచ్చి ఉంటుంది కాబట్టి, తల్లి ప్లాస్మాతో ఆయన గ్రూపుకు పేచీ లేకపోతే ఆయన ఎర్రకణాలను అందులో కలిపి చూస్తారు. పేచీ ఉంటే బిడ్డ కణాల నుంచి విడదీసిన యాంటీబాడీతో పరీక్షిస్తారు. ఇలాంటి బిడ్డకు రక్తం దొరకడం కష్టం కాదు, ఆ యాంటిజెన్ దాదాపు ఎవరిలోనూ ఉండదు కనుక.

దీనికి తిరగబడిన పరిస్థితి మరీ కష్టం. దాదాపు అందరిలో ఉండే యాంటిజెన్ తల్లిలో ఉండదు. ఆఫ్రికా మూలాలున్న కొద్దిమందిలో 'యు' యాంటిజెన్ లేకపోవడం ఇలాంటిదే. తల్లిలో యాంటీ-యు ఉంటే బ్లడ్ బ్యాంకులో బిడ్డకు సరిపడే రక్తం ఒక్క సంచీ కూడా దొరక్కపోవచ్చు. ముందుగా తల్లి తోబుట్టువులను పరీక్షిస్తారు. ఎవరూ కుదరకపోతే తల్లి రక్తమే దిక్కు. ఆమె ఆరోగ్యం అనుమతిస్తే గర్భంతో ఉండగానే రక్తం సేకరిస్తారు. యాంటీబాడీలు ఉండేది ప్లాస్మాలో కాబట్టి కణాలను బాగా కడిగి, రేడియేషన్ ఇచ్చి బిడ్డకు ఎక్కిస్తారు. తల్లి కణాల మీద ఆ యాంటిజెన్ లేదు గనక బిడ్డ ఒంట్లో ఉన్న యాంటీబాడీలు వాటిని ఏమీ చేయలేవు. గ్లిజరాల్‌తో గడ్డకట్టించి ఏళ్ల తరబడి నిల్వ చేసే పద్ధతీ ఉంది. అయితే ఇదంతా కాన్పు రోజున మొదలుపెడితే కుదరదు.

కామెర్లు తగ్గి బిడ్డ ఇంటికి వెళ్లాక కూడా తల్లి యాంటీబాడీలు ఒంట్లో వారాల తరబడి ఉంటాయి. నెలా నెలన్నర వయసులో హిమోగ్లోబిన్ మెల్లగా పడిపోవచ్చు. కడుపులో ఉండగా రక్తం ఎక్కించిన పిల్లల్లో ఇది ఇంకా ఎక్కువ. పాలు తాగుతూ తాగుతూ అలసిపోవడం, మందకొడిగా ఉండటం, తెల్లగా పాలిపోవడం దాని గుర్తులు. అందుకే డిశ్చార్జి అయ్యాక కూడా కొన్ని వారాలు విడవకుండా హిమోగ్లోబిన్ పరీక్ష చేయించమంటారు.