నీడ నల్లగా ఉంటుందా?

చిరంజీవులిద్దరికీ తాతయ్య ఆశీస్సులు.

మీరు పంపిన బొమ్మ అందింది. వేపచెట్టు చక్కగా కుదిరింది. కానీ చెట్టు కింద నీడని నల్ల క్రేయాన్‌తో నింపేశారు. ఆ నీడ నిజంగా నల్లగానే ఉందా? సుమారు నూట యాభై ఏళ్ల కిందట ఫ్రాన్స్‌లో కొందరు చిత్రకారులు ఇదే సందేహంతో బొమ్మలు వేసి బోలెడు తిట్లు తిన్నారు.

వాళ్లలో క్లోద్ మోనే ఒకడు. 1868-69 చలికాలంలో ఆయన వేసిన మంచు బొమ్మ ఒకటుంది. తడికల కంచె, దాని మీద వాలిన ఒక్క పిట్ట, మిగతా అంతా మంచు. ఆ కంచె నీడ నీలంగా ఉంటుంది! ఎండ తగలని చోట కూడా ఆకాశపు వెలుగు పడుతుంది కదా, అందుకే తెల్లటి మంచు మీద నీడకి ఆ నీలం వస్తుంది. మోనే ఉన్నది ఉన్నట్టే వేశాడు. ప్యారిస్‌లో సలోన్ అనే పెద్ద ప్రదర్శన జరిగేది. కుంచె జాడ కనపడని నునుపైన బొమ్మలంటే, పురాణ కథలంటే అక్కడి పెద్దలకు ఇష్టం. 1869లో ఈ బొమ్మ వద్దని తిప్పి పంపేశారు. ఇప్పుడది ప్యారిస్‌లోని ఓర్సే మ్యూజియంలో ఉంది.

ఇలా ఆరుబయట బొమ్మలు వేయడానికి ఒక చిన్న వస్తువు సాయపడింది, అదే రంగు ట్యూబు. అది రాకముందు నూనె రంగుల్ని పంది మూత్రాశయపు తిత్తుల్లో కట్టి ఉంచేవారు. అవి పగిలేవి, లోపలి రంగు ఎండిపోయేది. 1841లో జాన్ రాండ్ అనే అమెరికన్ చిత్రకారుడు తగరపు ట్యూబు కనిపెట్టాడు. దాంతో రంగులు సంచిలో వేసుకుని, రైలెక్కి, పొలం గట్టునే కూర్చుని బొమ్మ పూర్తి చేయడం తేలికైంది. మన టూత్‌పేస్టు ట్యూబు లాంటి వస్తువు ఇంత పని చేసిందంటే నాకిప్పటికీ ఆశ్చర్యమే.

1874లో మోనే, రెన్వా, పిస్సారో, దెగా, బెర్త్ మోరిసో మొదలైనవాళ్లు సొంతంగా ప్రదర్శన పెట్టుకున్నారు. అందులో మోనే వేసిన రేవు బొమ్మ పేరు 'ఇంప్రెషన్, సన్‌రైజ్', అంటే 'మనసులో పడిన ముద్ర, సూర్యోదయం'. లూయీ లెర్వా అనే విమర్శకుడు పత్రికలో ఆ పేరు పట్టుకుని వెక్కిరించాడు. గోడకి అంటించే కాగితం సగం తయారైనా దీనికన్నా నయమన్నాడు. ఆ వెక్కిరింతలోంచే వాళ్ల చిత్రకళకి ఇంప్రెషనిజం అన్న పేరు వచ్చింది.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనవి 1890-91లో మోనే తన ఊరు జివెర్నీలో వేసిన కుప్పలు. వాటిని ఇంగ్లిష్‌లో హేస్టాక్స్ అంటారు గానీ అవి గడ్డివాములు కావు. ఇంకా నూర్చని గోధుమ పనల కుప్పలు, మన వరికుప్పల్లాంటివే. ఆ కుప్పల మీద ఇరవైకి పైగా బొమ్మలు! పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి, మంచులో ఒకటి. వెలుగు మారగానే చేతిలో ఉన్నది పక్కన పెట్టి ఇంకో కాన్వాసు అందుకునేవాడు. ఒక బొమ్మలో కుప్ప ఎర్రగా మండుతుంటే, ఇంకోదాంట్లో ఊదా రంగులో చల్లగా ఉంటుంది.

ఈ ఆదివారం ఆ వేపచెట్టునే పొద్దున ఏడింటికి ఒకసారి, సాయంత్రం అయిదింటికి ఒకసారి వేయండి. నల్ల క్రేయాన్ డబ్బాలోనే ఉంచండి. రెండు బొమ్మలూ నాకు పోస్టులో పంపండి, ఎదురు చూస్తుంటాను.

మీ తాతయ్య