తోపుడు బండి కోసం కలిసిన పార్టీలు: అపోహలు - వాస్తవాలు

వీధి వ్యాపారుల సంఘాలకు వాళ్ల ఉపాధిని కాపాడే 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం వివరించడం, దరఖాస్తులు రాసిపెట్టడం నా పని. ఏ మార్కెట్‌కు వెళ్లినా ముందుగా వినిపించే మాట ఒకటే: "పార్టీలు ఉన్నది కొట్టుకోవడానికే, మా పొట్టకూటి కోసం వాళ్లెందుకు కలుస్తారు?" ఆ నమ్మకంతోనే చాలామంది చట్టం ఇచ్చిన హక్కును కూడా అడగకుండా వదిలేస్తున్నారు. నాకు బాధ కలిగించేది అదే.

అపోహ: సభలో గొడవ జరుగుతుంటే చిన్న వ్యాపారుల బిల్లులు అటకెక్కినట్టే.

వాస్తవం: 2014 ఫిబ్రవరి 18న లోక్‌సభ తలుపులు మూసి, ప్రత్యక్ష ప్రసారం ఆగిపోయిన స్థితిలో ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ బిల్లును ఆమోదించింది. 20న రాజ్యసభ కూడా ఆమోదించింది. ఆ వారం గురించి తెలుగువాళ్లకు ఇంకేదీ గుర్తుండకపోవడం సహజమే. కానీ ఆ రెండు తేదీల మధ్య, 19వ తేదీన, వీధి వ్యాపారుల బిల్లుకు రాజ్యసభ ఆమోదముద్ర వేసింది.

అది అప్పటికప్పుడు కుదిరిన సయోధ్య కాదు. 2012 సెప్టెంబరులో యూపీఏ ప్రభుత్వం లోక్‌సభలో పెట్టిన ఆ బిల్లు పట్టణాభివృద్ధి స్థాయీ సంఘానికి, అంటే బిల్లులను పరిశీలించే పార్లమెంటు కమిటీకి, వెళ్లింది. దాని అధ్యక్షుడు శరద్ యాదవ్. 2013 మార్చిలో సంఘం నివేదిక ఇచ్చేనాటికి ఆయన పార్టీ జేడీయూ ప్రతిపక్ష ఎన్డీయేలోనే ఉంది. స్థాయీ సంఘాల్లో ఉభయ సభల నుంచి, అన్ని ప్రధాన పార్టీల నుంచి సభ్యులు ఉంటారు. అక్కడ కెమెరాలు ఉండవు, పార్టీ చెప్పినట్టే నడవాలన్న ఆదేశం (విప్) ఉండదు. బిల్లును క్లాజు క్లాజుగా చదివే తీరిక దొరికేది అక్కడే. పార్లమెంటు పనితీరును టీవీలో కనిపించే అరుపులతోనే కొలిచేవారు ఈ సగాన్ని చూడనే చూడరు.

అపోహ: అందరూ ఒప్పుకున్నారంటే చట్టంలో లోటు లేనట్టే.

వాస్తవం: లోట్లు ఉన్నాయి. రైల్వే భూముల్లో అమ్ముకునేవారికి ఈ చట్టం వర్తించదు. ఏకాభిప్రాయం కోసం కొందరిని బయట వదిలేశారని నా అభిప్రాయం.

అపోహ: ప్రభుత్వం మారితే పాత ప్రభుత్వం చేసిన చట్టం మూలన పడుతుంది.

వాస్తవం: కేంద్రంలో అధికారం మారాక కూడా ఈ చట్టం అలాగే నిలిచింది. 2020 జూన్‌లో ఎన్డీయే ప్రభుత్వం వీధి వ్యాపారుల కోసం తెచ్చిన పీఎం స్వనిధి పథకం రుణానికి ఆధారం ఈ చట్టం కింద ఇచ్చే విక్రయ ధ్రువపత్రం, గుర్తింపు కార్డులే. వీధి వ్యాపారులను గుర్తించే సర్వేలో పేరు రానివారు మున్సిపాలిటీ నుంచి సిఫార్సు లేఖ తెచ్చుకోవచ్చు. మొదటి విడత 10,000 రూపాయలుగా మొదలైన రుణాన్ని 2025లో 15,000కు పెంచారు. ఒక కూటమి చేసిన చట్టం మీద మరో కూటమి పథకం నిలబడింది. ఉపాధి విషయంలో పార్టీల సహకారమంటే నా దృష్టిలో ఇదే.

అపోహ: ఢిల్లీలో బిల్లు పాసైంది, ఇక మనం చేయాల్సిందేమీ లేదు.

వాస్తవం: అసలు పని మీ ఊళ్లోనే ఉంది. మున్సిపల్ కమిషనర్ అధ్యక్షతన వీధి వ్యాపారాల వ్యవహారాలు చూసే పట్టణ విక్రయ కమిటీలో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారుల ప్రతినిధులు ఉండాలి. వాళ్లను వ్యాపారులే ఎన్నుకోవాలి. వాళ్లలో మూడో వంతు మహిళలు ఉండాలి. ఎన్నిక లేకుండా అధికారులే పేర్లు రాసుకున్న కమిటీ చట్టం చెప్పిన కమిటీ కాదు. ఆ మాట అడగడానికి ఏ పార్టీ అండా అక్కర్లేదు. కనీసం ఐదేళ్లకోసారి సర్వే జరగాలి. సర్వే పూర్తయి అందరికీ ధ్రువపత్రాలు అందేదాకా ఎవరినీ ఖాళీ చేయించకూడదు. ఆ తర్వాత ఖాళీ చేయించాలన్నా 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి.

అపోహ: సరుకు పట్టుకెళితే అది పోయినట్టే.

వాస్తవం: అందరికంటే ముందు బండి మీద అమ్మేవాళ్లకు తెలియాల్సింది ఇదే. సరుకు స్వాధీనం చేసుకుంటే అక్కడికక్కడే జాబితా రాసి, సంతకం చేసిన ప్రతిని మీకు ఇవ్వాలి. నిర్ణయించిన రుసుము కట్టి అడిగితే పాత్రలు, బట్టల వంటి పాడవని సరుకును రెండు పనిదినాల్లో తిరిగివ్వాలి. జామకాయలో, పూలో అయితే అడిగిన రోజే ఇవ్వాలి. కాబట్టి బండి తీసుకెళుతున్నప్పుడు వాగ్వాదానికి దిగకండి. జాబితా అడగండి, అందులో ప్రతి వస్తువూ ఉందో లేదో సరిచూసుకోండి, రుసుముతో ఆ పూటే కార్యాలయానికి వెళ్లండి.