ఊరుమ్మడి మంచు కొండ

కొలరాడోలోని స్టీమ్‌బోట్ స్ప్రింగ్స్ అనే ఊళ్ళో స్కీయింగ్ చేసే కొండలు రెండున్నాయి. ఒకటి ఊరి చివర ఉన్న పెద్ద రిసార్టు. అది ఒక పెద్ద కంపెనీ చేతిలో ఉంది. రద్దీ రోజుల్లో అక్కడ ఒక్క రోజు టికెట్ 200 డాలర్ల పైమాటే. రెండోది ఊరి నడిబొడ్డున, యాంపా నది పక్కనే ఉంది. పేరు హావెల్సన్ హిల్. కింది నుంచి పైదాకా ఎత్తు 440 అడుగులు, అంతే. ఆ కొండ మునిసిపాలిటీది. కొన్నేళ్ళుగా చలికాలం ఆదివారాల్లో అక్కడ టికెట్ అడగరు. ఎవరైనా వచ్చి, కొండ పైకి చేర్చే యంత్రం, అంటే లిఫ్ట్ ఎక్కి జారుకుంటూ దిగొచ్చు.

ఈ కొండ మీద 1915లో ఆట మొదలుపెట్టిన కార్ల్ హావెల్సన్ నార్వే నుంచి వలస వచ్చిన తాపీమేస్త్రి. కొన్నాళ్ళు సర్కస్‌లో స్కీలు కట్టుకుని గాల్లోకి ఎగిరే ఫీట్లు కూడా చేశాడు. ఈ ఊరికొచ్చాక పిల్లలకు స్కీ జంపింగ్ నేర్పాడు. 1920ల మొదట్లో ఆయన నార్వేకు తిరిగి వెళ్ళిపోయాడు గానీ కొండ ఊరికి మిగిలింది. అప్పటి నుంచి ఆగకుండా నడుస్తూనే ఉంది. ఆ ఒక్క ఊరి నుంచి వింటర్ ఒలింపిక్స్‌కు వెళ్ళినవాళ్ళు వందమంది దాకా ఉన్నారు.

రెండు కొండల మీదా పడేది ఒకే మంచు. ఒకచోట అంత ధర, ఒకచోట ఉచితం, ఈ తేడా ఎక్కడ మొదలైంది? అమెరికాలో స్కీయింగ్ అంటే ప్రాణం పెట్టేవాళ్ళు ఇప్పుడు గట్టిగా అడుగుతున్న ప్రశ్న ఇది. 2024-25 సీజన్‌లో కొలరాడోలోనే ఉన్న వేల్ అనే పెద్ద స్కీ కొండ మీద పండగ రోజుల టికెట్ 300 డాలర్లు దాటింది. నలుగురున్న కుటుంబానికి టికెట్లే 1200 డాలర్లు, అంటే లక్ష రూపాయలు. స్కీలు, బూట్ల అద్దె, పిల్లలకు క్లాసు, మధ్యాహ్నం తిండి వేరే. న్యూజెర్సీలోనో మినియాపోలిస్‌లోనో ఉంటున్న మన తెలుగు కుటుంబాలకు ఈ లెక్క కొత్తది కాదు. క్లాసులో స్నేహితుల మాటలు విని పిల్లాడు "నాన్నా, మనమూ స్కీయింగ్‌కి వెళ్దాం" అంటాడు. వాడికి నచ్చుతుందో లేదో తెలియదు. తెలియని ఆటకు ముందే అంత డబ్బు పోయాలంటే ఏ ఇంట్లోనైనా టెన్షనే. ఈ ఆట మొదట్లో ఇలా లేదు.

1934 జనవరి. వెర్మాంట్ రాష్ట్రంలోని వుడ్‌స్టాక్. అప్పటిదాకా స్కీయింగ్ అంటే స్కీలు భుజాన వేసుకుని ఆపసోపాలు పడుతూ కొండెక్కడం, రెండు నిమిషాల్లో కిందికి జారిపోవడం, మళ్ళీ ఎక్కడం. రోజంతా కష్టపడితే నాలుగైదు సార్లు. ఆ ఊళ్ళో చిన్న హోటల్ నడిపే భార్యాభర్తలు క్లింటన్ గిల్బర్ట్ అనే రైతు పొలాన్ని అద్దెకు తీసుకున్నారు. సుమారు 1800 అడుగుల తాడు తెచ్చి, రెండు కొసలూ కలిపి, చక్రాల మీద కొండ పైదాకా తిప్పారు. దాన్ని లాగడానికి పాత ఫోర్డ్ మోడల్ టీ ఇంజను. తాడు పట్టుకుంటే చాలు, అదే పైకి లాక్కుపోతుంది. కెనడాలోని క్యూబెక్‌లో కాస్త ముందే ఇలాంటిది వచ్చింది, అమెరికాలో మాత్రం ఇదే మొదటిది. దీన్నే రోప్ టో అంటారు.

ఆ తాడు సంగతి కొంచెం చెప్పాలి. కొత్తవాళ్ళు చేసే తప్పు, దాన్ని చూడగానే గట్టిగా పట్టేసుకోవడం. అలా పట్టుకుంటే భుజాలు ఊడి వచ్చినంత పనవుతుంది, మనిషి బోర్లా పడతాడు. ముందు తాడుని గ్లోవ్స్‌లోంచి జారనివ్వాలి. జారుతున్న తాడు మీద పిడికిలి కొద్దికొద్దిగా బిగిస్తే స్కీలు మెల్లగా కదులుతాయి. అప్పుడు రెండో చెయ్యి వీపు వెనక్కి పెట్టి తాడు అందుకోవాలి. తడిసిన తాడు బరువు, పైకి వెళ్ళేసరికి మోచేతులు లాగేస్తాయి. ఒక సీజన్ తిరిగేసరికి అరచేతుల దగ్గర గ్లోవ్స్ చిరిగిపోతాయి, అందుకే వాటి మీద ఇంకో తోలు తొడుగు వేసుకుంటారు. ఇంత తిప్పలు పెట్టే తాడు మీద పెరిగిన పిల్లలకు కాళ్ళు స్థిరంగా నిలబడతాయి. ఆ ఒడుపు కుర్చీలో కూర్చుని పైకి వెళ్ళేవాళ్ళకు రాదు.

ఈ యంత్రంలో రహస్యమేమీ లేకపోవడమే దాని గొప్పతనం. వాలుగా ఉన్న పచ్చిక పొలం, పాత ట్రక్కు ఇంజను, తాడు, ఇంజను బాగుచేయడం తెలిసిన నలుగురు మనుషులుంటే చాలు. ఇవి లేని పల్లె న్యూ ఇంగ్లండ్‌లో, అంటే వెర్మాంట్ ఉన్న ఈశాన్య రాష్ట్రాల్లో లేదు. ఏడాది రెండేళ్ళలోనే ఊరూరా తాళ్ళు తిరగడం మొదలైంది. వెర్మాంట్‌లోనే ఈస్ట్ కోరింత్ అనే పల్లెలో 1936లో మొదలైన నార్త్‌ఈస్ట్ స్లోప్స్ ఇప్పటికీ ఉంది. ఇప్పటికీ అక్కడ తాడుని లాగేది పాత ట్రక్కు ఇంజనే, నడిపేది జీతం తీసుకోని ఊరివాళ్ళే.

అదే 1936లో దేశం రెండో వైపున, ఐడహోలోని సన్ వ్యాలీలో యూనియన్ పసిఫిక్ రైల్వే కంపెనీ ప్రపంచంలోనే మొదటి చైర్ లిఫ్ట్ పెట్టింది. ఓడల్లోకి అరటి గెలలు ఎక్కించే యంత్రాన్ని చూసిన ఇంజనీరు ఒకాయన గెలలకు బదులు కుర్చీలు వేలాడదీస్తే సరిపోతుందని గుర్తించాడు. రైలెక్కి వచ్చే డబ్బున్న అతిథుల కోసం కట్టిన కొండ అది. నా ఉద్దేశంలో దారులు చీలింది అక్కడే. ఒక దారి ఊరి పిల్లల కోసం, రెండోది బయటి నుంచి వచ్చే అతిథి కోసం. ఈ రెండు దారులు కలిసిన సందర్భం కూడా ఒకటుంది. సన్ వ్యాలీలో 1930ల నాటి ఒక ఒంటి కుర్చీ లిఫ్ట్‌ని విప్పి, 1974లో అలాస్కాలోని కార్డోవా అనే జాలర్ల ఊరికి పట్టుకెళ్ళి మౌంట్ ఎయక్ మీద బిగించారు. ఆ ఊరికి బయటి నుంచి రోడ్డే లేదు. అక్కడి క్లబ్బువాళ్ళు ఆ లిఫ్ట్‌ని కంటికి రెప్పలా చూసుకుంటూ వచ్చారు.

రెండో ప్రపంచ యుద్ధంలో మంచు కొండల్లో పోరాడటానికి శిక్షణ పొందిన పదో మౌంటెన్ డివిజన్ సైనికులు ఇళ్ళకు తిరిగొచ్చాక చాలాచోట్ల స్కీ కొండలు మొదలుపెట్టారు, స్కీయింగ్ నేర్పారు. ఆ తర్వాతి ఇరవై ఏళ్ళు చిన్న కొండలకు మంచి రోజులు. వాటిలో ఒక్కదాని గురించి మాత్రం ఆగి చెప్పాలనిపిస్తుంది.

వెర్మాంట్‌లోని రిచ్‌మండ్‌లో మికీ కాక్రన్, జిన్నీ కాక్రన్ దంపతులు 1960 ప్రాంతంలో ఒక పాత పొలం కొన్నారు. మికీ ఇంజనీరు. పెరటి వెనక గుట్ట మీద రోప్ టో బిగించి, తమ నలుగురు పిల్లలూ బడి నుంచి వచ్చాక ప్రాక్టీసు చేయడానికి లైట్లు పెట్టాడు. ఇరుగుపొరుగు పిల్లలు రావడం మొదలుపెట్టారు. జిన్నీ వాళ్ళకూ నేర్పింది. వంటింట్లోనే అందరి బూట్లూ తడి బట్టలూ ఆరేవి. ఆ నలుగురు పిల్లలూ అమెరికా జట్టుకు ఎంపికయ్యారు. బార్బరా ఆన్ 1972 సప్పోరో ఒలింపిక్స్ స్లాలమ్‌లో, అంటే పాతిన కర్రల మధ్య మెలికలు తిరుగుతూ దిగే పోటీలో బంగారు పతకం గెలిచింది, తేడా సెకనులో వందో వంతులు రెండు. యాభై ఏళ్ళ తర్వాత, 2022 బీజింగ్ ఒలింపిక్స్‌లో ఆమె కొడుకు రయన్ కాక్రన్ సీగిల్ సూపర్ జీ అనే ఇంకా వేగమైన పోటీలో వెండి పతకం తెచ్చాడు. అతడు కూడా ఆ పెరటి గుట్ట మీదే నేర్చుకున్నాడు. ఆ కుటుంబం కొండను తమకే ఉంచుకోలేదు. 1998లో దాన్ని లాభాపేక్ష లేని సంస్థగా మార్చింది. డబ్బు లేదని ఏ పిల్లనూ పిల్లాడినీ వెనక్కి పంపకూడదన్నది అక్కడి పద్ధతి.

చిన్న కొండల మీద ఛాంపియన్లు పుట్టడం వింత కాదు. మినియాపోలిస్ శివారు బర్న్స్‌విల్‌లోని బక్ హిల్ ఎత్తు 310 అడుగులు, మన చార్మినార్లు రెండు ఒకదాని మీద ఒకటి పెట్టినంత కూడా ఉండదు. ఒలింపిక్ ఛాంపియన్ లిండ్సీ వాన్ స్కీయింగ్ నేర్చుకున్నది అక్కడే. కొండ చిన్నది కాబట్టి దిగడానికి అర నిమిషం కూడా పట్టదు, తాడు పట్టుకుంటే నిమిషంలో మళ్ళీ పైన ఉంటారు. పెద్ద కొండ మీద రోజంతా తిరిగినా పది పదిహేను సార్లకు మించి దిగలేని పిల్లలు, ఇక్కడ బడి వదిలాక ఒక్క సాయంత్రంలోనే అంతకు రెండింతలు దిగుతారు. సాధనమున పనులు సమకూరు ధరలోన అని వేమన అన్నది ఊరికే కాదు.

మరి ఇంత మంచి కొండలు ఎందుకు మూతపడ్డాయి?

ఒక దెబ్బ కాదు, వరుసగా తగిలాయి. ఇంటర్‌స్టేట్ హైవేలు వచ్చాక నగరం జనం ఊరి కొండ దాటి ఇంకో రెండు గంటలు నడిపి పెద్ద కొండకు వెళ్ళడం మొదలుపెట్టారు. 1970ల్లో పెట్రోలు ధరలు పెరిగాయి. 1950 ప్రాంతంలో కనెటికట్‌లో పుట్టిన స్నో గన్ నీళ్ళనీ గాలినీ కలిపి చిమ్మి మంచు తయారు చేస్తుంది. ఆకాశం మీద ఆధారపడే బాధ తప్పించిన యంత్రం అది. కానీ పంపులు, కంప్రెసర్లు, గొట్టాలు, కరెంటు బిల్లు చిన్నవాళ్ళు మోయలేని బరువు. పెద్ద కొండ డిసెంబరులోనే తలుపులు తీస్తే, చిన్న కొండ మంచు కోసం ఎదురుచూస్తూ కూర్చునేది. మంచు సరిగా పడని చలికాలం రెండుసార్లు వరుసగా వస్తే అంతే సంగతులు.

అన్నిటికంటే లోతుగా దిగినది ఇన్సూరెన్స్ దెబ్బ. 1974లో వెర్మాంట్‌లోని స్ట్రాటన్ కొండ మీద, కొత్తవాళ్ళ కోసం ఉన్న దారిలో ఒక యువకుడు మంచు కింద కనిపించని పొదకు తగిలి పడ్డాడు. శరీరం చచ్చుబడింది. జ్యూరీ 15 లక్షల డాలర్ల పరిహారం ఇవ్వమంది, 1978లో రాష్ట్ర సుప్రీంకోర్టు ఆ తీర్పును ఖాయం చేసింది. ఆ యువకుడికి జరిగినది ఘోరం, అతడికి ఆ డబ్బు అందడం న్యాయం. దాని తర్వాత జరిగినది వేరు. ఇన్సూరెన్స్ కంపెనీలు ప్రీమియంలు అమాంతం పెంచేశాయి. ఈ ఆటలో సహజంగా ఉండే ప్రమాదాన్ని ఆడేవాళ్ళే ఒప్పుకున్నట్టు భావించాలని రాష్ట్రాలు చట్టాలు చేసినా, పెరిగిన ఖర్చు దిగి రాలేదు. శని, ఆదివారాల్లో మాత్రమే తాడు తిప్పే రైతుకి, నలుగురు మాస్టార్లు నడిపే క్లబ్బుకి అది తట్టుకోలేని భారం. చాలాచోట్ల చప్పుడు లేకుండా ఇంజను ఆగిపోయింది. పొలంలో బిర్చ్ చెట్లు మొలిచాయి. న్యూ ఇంగ్లండ్‌లో ఇలా అడవిలో కలిసిపోయిన స్కీ కొండల జాబితా రాస్తున్నవాళ్ళ లెక్క 600 దాటింది. 1982-83లో అమెరికా మొత్తంలో 735 స్కీ కొండలుంటే ఇప్పుడు 500 లోపే.

ధరల కథలో ఒక మలుపుంది, చాలామందికి తెలియదు. చలికాలమంతా చెల్లే చవక సీజన్ పాస్ అన్న ఆలోచన పెద్ద కంపెనీలది కాదు. ఐడహోలోని బోయిసీ నగరం పక్కన బోగస్ బేసిన్ అనే కొండ ఉంది, లాభాపేక్ష లేని సంస్థ నడుపుతుంది. 1998లో వాళ్ళు 500 డాలర్ల దగ్గరున్న సీజన్ పాస్‌ని 199 డాలర్లకు తగ్గించారు. మూడు వేలలోపు అమ్ముడయ్యే పాసులు ఒక్కసారిగా పాతిక వేల దాకా పోయాయి. అదే ఏడాది కొలరాడో రిసార్టులూ పాసుల ధరలు తగ్గించుకుంటూ పోటీ పడ్డాయి. 2008లో వేల్ కంపెనీ తన కొండలన్నిటికీ చెల్లే ఎపిక్ పాస్ 579 డాలర్లకు తెచ్చింది, ఆ తర్వాత పదేళ్ళకు దానికి పోటీగా ఐకాన్ పాస్ వచ్చింది.

అయితే ఆలోచన చేతులు మారేసరికి దాని గుణం మారింది. పాస్ చలికాలానికి ముందే కొనాలి, నెలల ముందు డబ్బు కట్టాలి. ముందే కొనేలా చేయడానికి రోజు టికెట్ ధర ఏటేటా పెంచుకుంటూ పోయారు. ఆట వచ్చినవాళ్ళకు, ఏడాదికి పదిహేను రోజులు వెళ్ళేవాళ్ళకు పాస్ నిజంగా లాభమే. ఇంకా ఏమీ రాని మనిషి, ఒక్క రోజు ప్రయత్నించి చూద్దామనుకునే మనిషి, టికెట్ కౌంటర్ దగ్గర నిలబడి ఆ 300 డాలర్లు కడతాడు. కొత్తవాళ్ళ దారి మూసేసి ఏ ఆటైనా ఎన్నాళ్ళు బతుకుతుంది? ఇక్కడే చిన్న కొండ విలువ తెలుస్తుంది. అది ఇంకా ఏమీ రానివాళ్ళ కోసం ఉన్న కొండ. ఇంటి నుంచి డబ్బా కట్టుకొచ్చి లాడ్జిలో బల్ల మీద పెట్టుకుని తింటే ఎవరూ ఏమీ అనరు. టేబుల్ కింద బూట్లు వదిలేసి పిల్లలు మేజోళ్ళతో తిరుగుతుంటారు. గంట సేపు నేర్చుకుని, ఏడ్చి, ఇంటికి వెళ్ళిపోయినా డబ్బు దండగ అనిపించదు.

నిలబడ్డ కొండలన్నీ చూస్తే నాకు ఒకటే కనిపిస్తుంది. అవి ఎవరి పేరున ఉన్నాయన్నదే వాటి తలరాత తేల్చింది. వెర్మాంట్‌లోని మ్యాడ్ రివర్ గ్లెన్‌ని 1995లో దాని యజమానురాలు అక్కడ స్కీయింగ్ చేసేవాళ్ళకే అమ్మింది. వాళ్ళు సహకార సంఘంగా ఏర్పడి వాటాలు కొనుక్కున్నారు. 1948 నాటి ఒంటి కుర్చీ లిఫ్ట్ పాతబడితే, దాన్ని తీసేసి కొత్తది పెట్టకుండా 2007లో అదే లిఫ్ట్‌ని బాగు చేయించుకున్నారు. ఎక్కువమందిని పైకి పంపితే దారులు కిక్కిరిసిపోతాయని వాళ్ళకు తెలుసు. మెయిన్ రాష్ట్రంలో సముద్రం కనిపించే క్యామ్డెన్ స్నో బౌల్‌ని ఊరి మునిసిపాలిటీయే నడుపుతోంది.

కష్టాలు తీరిపోలేదు. ఇవన్నీ తక్కువ ఎత్తు కొండలు, చలికాలాలు వెచ్చబడుతుంటే ముందు కరిగేది ఇక్కడి మంచే. తాడు దగ్గర నిలబడే వాలంటీర్లకు వయసు మీద పడుతోంది. ఇన్సూరెన్స్ బిల్లు ఏటా వస్తూనే ఉంది.

అయినా మౌంట్ అస్కట్నీలో జరిగింది చూడండి. వెర్మాంట్‌లో వెస్ట్ విండ్సర్ అనే ఊరికి ఆనుకుని ఉన్న ఈ కొండ 1946లో చిన్నగా మొదలై, తర్వాతి యజమానుల చేతుల్లో హోటలూ పెద్ద లిఫ్టులూ ఉన్న రిసార్టుగా పెరిగి, అప్పుల్లో కూరుకుని 2010లో మూతపడింది. లిఫ్టులు విప్పి అమ్మేశారు. ఇళ్ళ విలువ పడిపోయింది, పక్కనే బ్రౌన్స్‌విల్‌లో ఉన్న ఒక్క కిరాణా కొట్టూ మూసేశారు. అప్పుడు ఊరివాళ్ళు సమావేశమై ఓటు వేసి, భూ సంరక్షణ సంస్థ సాయంతో, 469 ఎకరాల కొండను ఊరి పేరున కొన్నారు. వాలంటీర్లు 2015లో రోప్ టో బిగించారు, 2020లో టీ బార్, అంటే T ఆకారపు కడ్డీకి ఆనుకుంటే పైకి లాక్కుపోయే లిఫ్ట్ తెచ్చారు. కొట్టు మళ్ళీ తెరిచారు. ఎండాకాలంలో అదే కొండ మీద సైకిళ్ళు తిరుగుతాయి. కొత్త దస్తావేజులో షరతు ఉంది, ఆ భూమిలో ఇళ్ళూ హోటళ్ళూ కట్టడానికి వీల్లేదు.