నాన్న డ్యూటీ చార్టు ఎవరు రాస్తారు?

రాయగడ

చిన్నీ, నానీ,

"నాన్న ఒక వారం పగలు పడుకుంటాడు, ఇంకో వారం రాత్రి. ఏటి తాతా ఇది?" అని ఫోన్లో అడిగారు కదా. మీ నాన్న పనిచేసే దామన్‌జోడిలో ఎవరు రాస్తున్నారో గానీ, ఇక్కడ మిల్లు టైమాఫీసులో అలాంటి చార్టు ఏళ్ల తరబడి రాసింది మీ తాతే. (ఎవరింట పండగ చెడినా తిట్లు మీ నానమ్మ చెవిన పడేవి.)

బాయిలరుకి ఆదివారం లేదు. 6 నుంచి 2, 2 నుంచి 10, మళ్లీ 10 నుంచి 6. రోజుకి 3 షిఫ్టులు, వారానికి 21. మా కాలంలో నడిచింది 1948 ఫ్యాక్టరీల చట్టం. మామూలుగా మనిషికి వారానికి 48 గంటలే అంది, అంటే 6 షిఫ్టులు. ఒక్కో మిషనుకి ముగ్గురిని పెడితే 18 అయ్యాయి. మిగిలిన 3? అవి రిలీవరువి, అంటే సెలవున్నవాడి బదులు ఎక్కేవాడివి. రెండు మిషన్ల దగ్గర మూడేసి షిఫ్టులు చేస్తే అతనికీ వారం నిండుతుంది. పాపం, ఏ మిషనూ తనది కాదు.

షిఫ్టులు ముందుకే తిప్పేవాణ్ణి: పొద్దుట, మధ్యాహ్నం, రాత్రి. వెనక్కి తిప్పితే రాత్రి 10కి దిగినవాడు తెల్లారి 6కి మళ్లీ గేటు దగ్గరుండాలి. ఇంటికెళ్లి, తిని, ఎప్పుడు పడుకుంటాడు?

అసలు గొడవ టిఫిను టైముది. ఆ చట్టం ప్రకారం ఏకబిగిన 5 గంటలు దాటి పని చేయించకూడదు, ఈలోగా కనీసం అరగంట వదలాలి. 6కి ఎక్కినవాణ్ణి 11 లోపు పంపాలి. అందరినీ ఒక్కసారే క్యాంటీనుకి పంపితే మిషను ఎవరు చూస్తారు? అందుకని ఒకడు 9కి, ఒకడు 9:30కి, ఒకడు 10కి. మొదటివాడికి ఆకలుండదు, చివరివాడికి కడుపు మండిపోతుంది. వారం వారం వరస మార్చేవాణ్ణి, అయినా అలిగేవాళ్లు అలిగేవారు. రాత్రి షిఫ్టుకి మాత్రం 2 గంటల నుంచి వంతులు పెట్టేవాణ్ణి, కళ్లు మూతలు పడే వేళ అదే. చోడి (రాగి) అంబలి తాగి మొహం కడుక్కొచ్చేవారు.

చార్టు నోటీసు బోర్డు మీద ఇంగ్లీషులో, ఒడియాలో ఉండేది. మన పార్వతీపురం వైపు నుంచి వచ్చినవాళ్లకి నేనే తెలుగులో చదివి వినిపించేవాణ్ణి. రిలీవరు రాకపోతే ఉన్నవాడే ఆగాలి, ఆ ఓటీకి (ఓవర్‌టైముకి) రెట్టింపు జీతం.

నాన్న చార్టు ఫోటో తీసి పంపండి. దసరాకి మజ్జిగౌరమ్మ గుడికి రావడం కుదురుతుందో లేదో చూసి చెప్తాను.

మీ తాత