పుట్టినప్పుడే ఉందా, తర్వాత వచ్చిందా?

రక్తనాళాల మచ్చలకు, కంతులకు, లోపాలకు ఏ ప్రాతిపదికన పేరు పెట్టాలన్న వాదన మళ్ళీ రేగింది. కొత్త జన్యువు ఒకటి బయటపడినప్పుడల్లా రేగే వాదనే ఇది. స్వభావాన్ని చూసి చేసిన పాత విభజనకు కాలం చెల్లిందనీ, ఇకమీదట జన్యువును బట్టే పేరు ఉండాలనీ ఒక పక్షం అంటుంది. బిడ్డను పక్కన పెట్టి జన్యు పరీక్ష కాగితానికి పేరు పెడితే వైద్యం దారి తప్పుతుందని రెండో పక్షం వాదన. నేటి తగాదాకు మూలం 1982లో ఉంది.

ఆ ఏడాది బోస్టన్ పిల్లల ఆసుపత్రికి చెందిన ప్లాస్టిక్ సర్జన్ జాన్ మల్లికెన్, పరిశోధకురాలు జూలీ గ్లొవాకీ ఒక వ్యాసం ప్రచురించారు. శస్త్రచికిత్సల్లో తీసిన 49 నమూనాలను వాళ్ళు పరిశీలించారు. రక్తనాళం లోపలి పొరలోని కణాలు విభజన చెందుతున్నాయా, లేదా? ఇదొక్కటే వాళ్ళ ప్రశ్న. కొన్నింటిలో కణాలు జోరుగా పెరుగుతున్నాయి, మిగతావాటిలో నిమ్మళంగా ఉన్నాయి. అంతవరకు అన్నింటికీ వాడిన హెమాంజియోమా అన్న పేరును మొదటి రకానికి మాత్రమే ఉంచారు. అవి పుట్టిన కొద్ది వారాలకు కనబడతాయి, కొన్ని నెలలపాటు ఉబ్బుతాయి, తర్వాత ఏళ్ళ మీద కరిగిపోతాయి. రెండో రకాన్ని మాల్‌ఫార్మేషన్లు అన్నారు. ఇవి గర్భంలో నాళాలు అల్లుకునేటప్పుడు జరిగిన పొరపాట్లు. పుట్టుకతోనే ఉంటాయి, బిడ్డతోపాటు పెరుగుతాయి, తమంతట తాము పోవు.

చూడటానికి చిన్న సవరణే. కానీ దీంతో పెద్ద యంత్రం ఏదీ లేని ఊళ్ళో కూడా వైద్యుడు తల్లిని ఒక్క మాట అడిగి సగం దారి నడవగలిగాడు: ‘అమ్మా, ఇది పుట్టినప్పుడే ఉందా, తర్వాత వచ్చిందా?’

అంతకు ముందు అన్నింటికీ ఒకటే పేరు కావడం వల్ల జరిగిన నష్టం తక్కువది కాదు. 1920ల నుంచి 1950ల దాకా స్వీడన్‌లో వేలమంది పసిపిల్లల మచ్చలకు రేడియంతో వైద్యం చేశారు. వాటిలో చాలావరకు వదిలేస్తే వాటంతటవే తగ్గిపోయేవి. ఆ ఆడపిల్లలు పెద్దయ్యాక వారిలో రొమ్ము క్యాన్సర్ ఉండవలసినదానికంటే ఎక్కువగా కనబడింది. దీనికి తలకిందులైన తప్పు కూడా జరిగింది. ధమని నేరుగా సిరతో కలిసిపోయిన ప్రమాదకరమైన లోపాన్ని హెమాంజియోమా అనుకుని, ‘అదే పోతుంది, ఆగండి’ అని పంపేసేవారు. లేదంటే దానికి రక్తం తెచ్చే ధమనిని కట్టేసేవారు. అలా కడితే పక్క నాళాలు తెరుచుకుని లోపం మరింత ముదురుతుంది, పైగా తర్వాతి చికిత్సకు దారి మూసుకుపోతుంది.

ఇదంతా పాత సంగతే అనడానికి లేదు. వియత్నాంలో ఇలాంటి మచ్చలకు రేడియోధార్మిక ఫాస్ఫరస్ అద్దే పద్ధతి ఈ శతాబ్దంలోనూ సాగింది. మచ్చ పోయినా చర్మం మీద అంతకంటే వికారమైన గుర్తు మిగిలిన పిల్లలున్నారు. 2009 నుంచి అమెరికా వైద్యులు హో చి మిన్ నగర వైద్యులతో కలిసి ప్రత్యేక కేంద్రం నడపడానికి కారణాల్లో ఇదొకటి. లేజర్ యంత్రాలు వెళ్ళాయి, శిక్షణ వెళ్ళింది. అయితే వాటికంటే ముందు తేలాల్సింది ఏది ఏ రకమో అన్నదే.

బోస్టన్ విభజన ప్రపంచానిది కావడానికి కారణం వైద్యులు కలిసి కూర్చోవడమే. 1976లో కొద్దిమందితో మొదలైన సమావేశాలు రెండేళ్ళకొకసారి సాగుతూ వచ్చాయి. 1992లో బుడాపెస్ట్‌లో అంతర్జాతీయ సంఘంగా రూపు కట్టాయి. 1996లో రోమ్‌లో ఆ సంఘం కంతులు ఒక వరుస, నిర్మాణ లోపాలు ఒక వరుసగా పట్టికను ఆమోదించింది. చర్మవైద్యుడు, సర్జన్, రేడియాలజిస్టు, పాథాలజిస్టు నాలుగు పేర్లు చెప్పే చోట ఒక పేరు చెప్పడం అలవాటైంది.

ఫలితం వెంటనే కనిపించింది. హెమాంజియోమా రక్తంలోని ప్లేట్‌లెట్లను మింగేస్తుందని 1940లో కాసాబాక్, మెరిట్ అనే వైద్యులు రాసినప్పటి నుంచీ అందరూ నమ్మారు. 1997లో పారిస్, బోస్టన్ బృందాలు పాత కేసులను తిరగేసి చూస్తే, ఆ పని చేసేది మామూలు హెమాంజియోమా కానే కాదు, వేరే అరుదైన కంతి అని తేలింది. 2000లో గ్లూట్-1 అనే ప్రోటీన్ గుర్తు దొరికింది. అది పసిపిల్లల హెమాంజియోమాలో ఉంటుంది, మాల్‌ఫార్మేషన్లలో ఉండదు. 2008లో ఫ్రాన్స్‌లోని బోర్డోలో క్రిస్టీన్ లెయోటే-లాబ్రెజ్ బృందం ఒక సంగతి ప్రకటించింది: గుండె జబ్బు కోసం ఒక పసిబిడ్డకు ప్రొప్రనొలాల్ ఇస్తే, మరుసటి రోజుకే ముఖం మీది ఎర్రటి కంతి రంగు మారి మెత్తబడింది. 1960ల నాటి చౌక మందు అది. 2015లో వెలువడిన పెద్ద పరీక్షలో ఆరు నెలలు మందు వాడిన పిల్లల్లో 60 శాతం మందికి కంతి పూర్తిగానో, దాదాపు పూర్తిగానో పోయింది. ఉత్తుత్తి మందు వాడినవారిలో ఇది 4 శాతమే. ఇదే మందు మాల్‌ఫార్మేషన్‌కు ఇస్తే తగ్గదు. పేరు తప్పితే మందూ తప్పుతుంది.

ఇక జన్యు పక్షం సంగతి. సిరల లోపాల వెనుక టై-2 అనే జన్యువులో మార్పు ఉందని 1996లోనే బయటపడింది. తర్వాత చాలా లోపాలకు పీఐకే3సీఏ అనే మరో జన్యువులో మార్పు కారణమని తేలింది. ఇది క్యాన్సర్‌లోనూ కనిపించే మార్పే. 2018లో పారిస్ నెకర్ ఆసుపత్రిలో, ఆ మార్పు ప్రభావాన్ని అడ్డుకునే ఆల్పెలిసిబ్ అనే మందు ఇచ్చిన 19 మందిలోనూ మెరుగుదల కనిపించింది. జన్యువును గురి చూసి కొట్టే మందు చేతిలో ఉండగా కంతా, లోపమా అన్న తర్జనభర్జన దేనికని జన్యు పక్షంవాళ్ళు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే.

కానీ పుట్టేనాటికే పూర్తిగా పెరిగి ఉండే అరుదైన హెమాంజియోమాలను చూడండి. తల్లిని అడిగే ఆ ఒక్క మాటకూ లొంగనివి ఇవి. వీటిలో ఒక రకం ఏడాది, ఏడాదిన్నరలో మాయమవుతుంది. ఇంకో రకం ఎప్పటికీ పోదు. 2016లో వెతికితే రెండింటిలోనూ అవే జన్యు మార్పులు దొరికాయి. జన్యువు ఒకటే, నడక వేరు. ఏది కరుగుతుందో, దేన్ని కోయాలో జన్యు పరీక్ష కాగితం చెప్పజాలదు. నెలనెలా బిడ్డను చూసే వైద్యుడికే తెలుస్తుంది.

పాత పట్టికకైనా పూర్తి విధేయత ఎక్కడుంది? 2009లో హెమాంజియోమా అన్న మాట వాడిన 320 వైద్య వ్యాసాలను పరిశీలిస్తే, 228 వ్యాసాల్లో ఆ మాట తప్పుగా వాడినట్టు తేలింది. మన దగ్గర పొట్ట స్కానింగ్ చేయించుకున్నవారి చేతిలోని కాగితంలోనూ ‘లివర్ హెమాంజియోమా’ అని కనబడుతూనే ఉంటుంది. సంఘం లెక్కలో పెద్దవారి కాలేయంలోని ఆ మచ్చ సిరల లోపం. సాధారణంగా దానివల్ల హాని ఉండదు. పేరు చూసి బెదిరిపోయి క్యాన్సర్ డాక్టరు దగ్గరికి పరుగెత్తేవారికి ఆ సంగతి ఎవరూ చెప్పరు.

2018లో ఆమ్‌స్టర్‌డామ్‌లో పట్టికను సవరించినప్పుడు రెండు వరుసలనూ అలాగే ఉంచారు. ఎటూ తేలనివాటికి వేరే గది పెట్టారు. జన్యువుల జాబితాను మాత్రం చివర అనుబంధంలో చేర్చారు. దాన్ని మొదటి పేజీకి తేవాలన్నదే ఇప్పటి పేచీ.