‘గురు’ చూసి కంపెనీ పెట్టాలనుకుంటున్నారా? ఒక చార్టర్డ్ అకౌంటెంట్ చెప్పే అపోహలు – వాస్తవాలు

కంపెనీ రిజిస్ట్రేషన్ కోసం మా ఆఫీసుకు వచ్చే కుర్రాళ్లలో చాలామంది మాటల మధ్యలో ‘గురు’ సినిమా ప్రస్తావన తెస్తారు. 2007లో మణిరత్నం తీసిన హిందీ సినిమా అది. గుజరాత్ పల్లెటూరి నుంచి వచ్చిన గురుకాంత్ దేశాయ్ బొంబాయిలో వ్యాపార సామ్రాజ్యం కట్టే కథ. అభిషేక్ బచ్చన్ నటన, రెహమాన్ సంగీతం నాకూ చాలా ఇష్టం. కానీ ఆ సినిమా చూసి వ్యాపారం ఎలా చేయాలో నేర్చుకుంటే మాత్రం చిక్కుల్లో పడతారు. జనం ఇచ్చిన పెట్టుబడి ఓనరు సొంత డబ్బు కాదన్న సంగతి, హీరో వెనకాల పరుగెత్తే హడావుడిలో మనకు తట్టదు. నా దగ్గర తరచూ వినిపించే అపోహలన్నీ చివరికి అక్కడికే వచ్చి చేరతాయి.

అపోహ: అది ధీరూభాయ్ అంబానీ జీవితకథ.

పోలికలు చాలా ఉన్నాయి, కాదనలేం. అయినా అది కల్పిత కథే. సినిమాలో హీరో టర్కీ వెళ్తాడు. ధీరూభాయ్ వెళ్లింది యెమెన్‌లోని ఏడెన్‌కు. 1958లో తిరిగొచ్చి బొంబాయిలో చిన్న ట్రేడింగ్ ఆఫీసు తెరిచారు. సినిమాలో చేసినవన్నీ ఆయన చేసినట్టు, ఆయన సాధించినవన్నీ సినిమాలో ఉన్నట్టు అనుకోకండి.

అపోహ: పెళ్లి డబ్బుతో వ్యాపారం మొదలుపెడితే తప్పేముంది?

హీరో కట్నం కోసమే పెళ్లికి ఒప్పుకుంటాడు. ఆ డబ్బుతోనే బొంబాయి చేరతాడు. కథలో ఆ పెళ్లి నాటికి వరకట్న నిషేధ చట్టం లేదు, 1961లో వచ్చింది. ఇవాళ కట్నం తీసుకుంటే కనీసం అయిదేళ్ల జైలు. అత్తగారింటి డబ్బును ‘సీడ్ క్యాపిటల్’ (తొలి పెట్టుబడి) అని ముద్దుగా పిలుచుకునేవాళ్లకు నేను పని చేసిపెట్టను. భార్య తన ఇష్టంతో, తన సొంత డబ్బు పెడుతోందా? అయితే ఆమె పేరున షేర్లు రాయండి.

అపోహ: లైసెన్స్ రాజ్‌లో రూల్స్ తప్పకపోతే ఎవరూ ఎదిగేవాళ్లు కాదు.

ఇబ్బందులు నిజమే. 1951 నాటి పరిశ్రమల చట్టం కింద కొత్త ఫ్యాక్టరీ పెట్టాలన్నా, ఉన్నదాన్ని పెంచాలన్నా, కొత్త సరుకు తయారు చేయాలన్నా ఢిల్లీ అనుమతి కావాలి. లైసెన్సుకు మించి ఉత్పత్తి పెంచినా సంజాయిషీ చెప్పుకోవాల్సిందే. కానీ ఇందులో సినిమా చూపించని వైపు కూడా ఉంది. లైసెన్సు చేజిక్కినవాడికి పోటీ ఉండేది కాదు, తయారైనదంతా అమ్ముడుపోయేది. సరుకు ఎగుమతి చేస్తే బదులుగా దిగుమతి లైసెన్సులు ఇచ్చేవారు. విదేశీ నూలుకు ఇక్కడ గిరాకీ ఎక్కువ కాబట్టి ఆ కాగితాలకే బజార్లో మంచి ప్రీమియం పలికేది. అంటే ఆనాటి పెద్ద లాభాల్లో కొంత, ఆ ఆంక్షలు సృష్టించిన కొరత వల్ల వచ్చిందే. హీరో తిట్టిపోసే వ్యవస్థే అతనికి అన్నం పెట్టింది కూడా. 1991 జూలై 24న 18 పరిశ్రమలు మినహా మిగతావాటికి లైసెన్సులు ఎత్తేసినప్పుడు పరిశ్రమల శాఖ ప్రధాని పీవీ నరసింహారావు చేతిలోనే ఉంది. ఆ రోజు తర్వాత కంపెనీ పెట్టినవాళ్లెవరూ లైసెన్స్ రాజ్‌ను సాకుగా చెప్పలేరు.

అపోహ: మంచి ప్రమోటరు (కంపెనీ పెట్టి నడిపే యజమాని) షేరిస్తే జనానికి లాభం ఖాయం.

ఈ నమ్మకం ఎక్కణ్నుంచి వచ్చిందో తెలుసుకోవాలి. 1947 నాటి చట్టం ప్రకారం కంపెనీ తన షేరును ఎంతకు అమ్మాలో ఆర్థిక శాఖలో ఉండే క్యాపిటల్ ఇష్యూస్ కంట్రోలరు నిర్ణయించేవారు. ఆయన లెక్క ప్రకారం తేలే ధర చాలాసార్లు మార్కెట్ విలువకు బాగా కింద ఉండేది. 1973లో ఫెరా (విదేశీ మారకద్రవ్య నియంత్రణ) చట్టం వచ్చి చాలా విదేశీ కంపెనీలను 40 శాతం వాటాకు దిగమంది. వాళ్లు ఆ తక్కువ ధరకే భారతీయులకు షేర్లు అమ్మాల్సి వచ్చింది. మధ్యతరగతికి షేర్ల రుచి తగిలింది అప్పుడే. 1977లో రిలయన్స్ తొలి ఇష్యూలో 58 వేల మందికి పైగా షేర్లు కొన్నారంటే ఆ గాలి కూడా అందుకు తోడైంది. అప్పట్లో షేరు చౌకగా దొరికిందంటే చాలావరకు కారణం చట్టం. 1992లో కంట్రోలరు పదవి పోయింది. ఇప్పుడు షేర్ మార్కెట్‌ను పర్యవేక్షించే సెబీ వివరాలన్నీ బయటపెట్టమంటుంది కానీ ధర జోలికి రాదు. ఇవాళ ఐపీఓ (జనానికి తొలిసారి షేర్లు అమ్మడం) ధర చెప్పేది అమ్మేవాడే, ఎక్కువే చెప్తాడు. మా బంధువుల ఇళ్లల్లో కూడా ఈ తేడా తెలియక, పాత నమ్మకంతోనే అప్లికేషన్లు వేస్తున్నారు.

అపోహ: విచారణ కమిషన్ ముందు గట్టిగా మాట్లాడితే జరిమానాతో బయటపడొచ్చు.

సినిమా క్లైమాక్స్ ఇదే. ఇచ్చిన అయిదు నిమిషాల్లో హీరో ప్రసంగం, చప్పట్లు, చివరికి జరిమానా. అసలు విచారణ కమిషన్‌కు జరిమానా వేసే అధికారమే లేదు. 1952 చట్టం కింద వేసే కమిషన్ నిజాలు తేల్చి సిఫార్సు చేస్తుంది, అంతవరకే. 1958లో రామకృష్ణ దాల్మియా కేసులో సుప్రీంకోర్టు ఈ విషయం తేల్చి చెప్పింది. దాల్మియా కంపెనీలపై కమిషన్ వేసిన నోటిఫికేషన్‌లో శిక్షకు సంబంధించిన మాటలను కొట్టేసింది కూడా.

ఈ దాల్మియా కథ సినిమా కథకేం తీసిపోదు. మామూలు స్థితి నుంచి దేశంలోని పెద్ద పారిశ్రామికవేత్తల్లో ఒకడిగా ఎదిగిన మనిషి. ఆయన చేతిలోని భారత్ ఇన్సూరెన్స్ కంపెనీలో పాలసీదారుల డబ్బు దారి మళ్లిందని 1955 డిసెంబరులో ఎంపీ ఫిరోజ్ గాంధీ లోక్‌సభలో లెక్కలతో సహా బయటపెట్టారు. మరుసటి నెలలోనే, 1956 జనవరిలో, జీవిత బీమా రంగాన్ని ప్రభుత్వం చేతిలోకి తీసుకుంది. దాల్మియాకు కోర్టులో రెండేళ్ల జైలు శిక్ష పడింది. దాల్మియా సంగతి లోక్‌సభలో బయటపడ్డ రెండేళ్లకే ముంద్రా వ్యవహారం. హరిదాస్ ముంద్రా అనే వ్యాపారి కంపెనీల్లో ఎల్ఐసీ సుమారు కోటీ పాతిక లక్షలు పెట్టిన తీరుపై జస్టిస్ చాగ్లా బొంబాయిలో బహిరంగ విచారణ జరిపారు. వినడానికి జనం విరగబడ్డారు. దాని ఫలితంగా ఆర్థిక మంత్రి టి.టి. కృష్ణమాచారి 1958 ఫిబ్రవరిలో రాజీనామా చేశారు. ఈ రెండు కేసుల్లోనూ అడిగిన ప్రశ్న ఒక్కటే: ఇది ఎవరి డబ్బు?

అపోహ: షేర్‌హోల్డర్లు మన వెంట ఉంటే తప్పు తప్పు కాదు.

మైదానం నిండా జనం జేజేలు కొట్టే దృశ్యం చూస్తే నాకూ ఒళ్లు పులకరిస్తుంది. కానీ ఎగవేసిన సుంకాన్ని ఏ మీటింగూ మాఫీ చేయలేదు. పైగా మీటింగులో చేతులెత్తి ఓటేస్తే మనిషికో ఓటు, పోల్ (లెక్కపెట్టే ఓటింగు) పెడితే షేరుకో ఓటు. ప్రమోటరు చేతిలో సగానికి పైగా షేర్లుంటే మామూలు తీర్మానానికి మిగతావాళ్ల ఓటుతో పనే లేదు. అందుకే 2013 కంపెనీల చట్టం, పబ్లిక్ కంపెనీల్లో సొంతవాళ్లతో చేసుకునే లావాదేవీలకు షేర్‌హోల్డర్ల ఆమోదం కావాల్సి వచ్చినప్పుడు, వాటితో సంబంధమున్న సభ్యుడు ఓటేయకూడదంది.

అపోహ: తెలిసినవాళ్ల దగ్గర డబ్బు తీసుకోవడానికి కాగితాలెందుకు?

ఈమధ్య ఒక కుర్రాడు నోట్‌బుక్ తెచ్చాడు. ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ. ఎడమవైపు పేర్లు: బాబాయి, కాలేజీ ఫ్రెండ్, ఇంటి ఓనరు. కుడివైపు మొత్తాలు, సగం నగదే. పక్కన పెన్సిలుతో ‘షేర్ ఇవ్వాలి’ అని రాసుకున్నాడు. మోసం చేసే ఉద్దేశం అతనికి ఏ కోశానా లేదు. కానీ ఆ పేజీలో ప్రతి గీతా చట్టానికి అడ్డంగానే ఉంది.

అలాంటి కంపెనీ బయటివాళ్లకు షేర్లివ్వాలంటే ముందు పేరుపేరునా ఆఫర్ లెటర్ పంపాలి. అలా పంపేది ఏడాదికి 200 మందికి మించకూడదు. డబ్బు బ్యాంకు ద్వారానే రావాలి, నగదు పనికిరాదు. దాన్ని విడి ఖాతాలో ఉంచాలి. షేర్లు కేటాయించి కంపెనీల రిజిస్ట్రారుకు ఆ వివరాల రిటర్న్ వేసేదాకా ముట్టుకోకూడదు. షేర్లొద్దు, అప్పుగా తీసుకుంటానంటే, డైరెక్టరో అతని దగ్గరి బంధువో కాని ఫ్రెండ్ ఇచ్చే అప్పు డిపాజిట్ కిందికి వస్తుంది. ఆ రూల్స్ తప్పితే ఏడేళ్ల దాకా జైలు ఉంది.

ఆ కుర్రాడితో ముందు నగదంతా ఎవరిది వాళ్లకు తిరిగి ఇప్పించాం. ఉండదలచినవాళ్లు మళ్లీ బ్యాంకు ద్వారా పంపారు. డబ్బు అందిన 60 రోజుల్లో షేర్లు కేటాయించాలి. లేదంటే తర్వాతి 15 రోజుల్లో తిరిగివ్వాలి. అదీ దాటితే 60వ రోజు నుంచి ఏడాదికి 12 శాతం వడ్డీ లెక్కేసి కట్టాలి.